మేస్త్రి సరిచేసిన వంకర

ఆ ఇంట్లో తెల్లారితే మొదట కుట్టుమిషను టకటకలాడుతుంది, ఆ తర్వాత వసారాలో చిత్రిక సర్రుసర్రుమంటుంది. పాతికేళ్లుగా అదే వరస. నెల రోజులుగా మాత్రం ఈ రెండిటికీ ముందే మేడమీది గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఒక నవ్వు కూతురిది, ఇంకొకటి తమ్ముడిది. ఆ నవ్వులు చెవిన పడ్డప్పుడల్లా కింద వడ్రంగి చేతిలో చిత్రిక ఉండాల్సినదానికంటే లోతుగా దిగేది.

ఆయన్ని పేటలో అందరూ మూలమట్టం మేస్త్రి అంటారు. చెక్క మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసే ఎల్ ఆకారపు పనిముట్టు ఉంటుందే, అదే మూలమట్టం. అది చేతిలో లేనిదే ఆయనకి పొద్దు గడవదు. ఎవరింటికైనా వెళితే కూర్చునే ముందు ఒక కన్ను మూసి వాళ్ల గుమ్మం వంక చూస్తాడు. "మీ తలుపు కుడివైపు ఒరిగిందండీ" అంటాడు, అక్కడికి వాళ్లేదో అడిగినట్టు. నోరు అలాంటిదే గానీ పని మాత్రం బంగారం. ఆయన చేసిన బల్ల మీద గోలీ పెడితే పెట్టినచోటే ఉంటుంది.

అంతటి మేస్త్రి ఇంట్లో ఉండగా కూతురు గిటారు చెయ్యడానికి చిన్నాన్నని పట్టుకుంది. అదీ ఆయన కడుపుమంట.

నిజం చెప్పుకోవాలంటే తప్పు ఆయనదే. అమ్మాయి ముందు వచ్చింది తండ్రి దగ్గరికే. ఇరవై రెండేళ్ల పిల్ల, కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తోంది. మూడేళ్లుగా స్నేహితురాలి గిటారు మీద నేర్చుకుని చెయ్యి బాగా తిరిగింది. ఆ స్నేహితురాలు కాస్తా ఊరు మారుతూ గిటారూ పట్టుకెళ్లింది. సరిగ్గా అప్పుడే ఒక పాటల బృందంలో గిటారు వాయించేవాళ్ల చోటు ఖాళీ అయింది. పరీక్ష పెడతారట, సొంత వాయిద్యం తెచ్చుకోవాలట.

"కొత్తది కొనే తాహతు మనకి లేదు నాన్నా. మనమే చేసుకుందాం. నీ చేతిలో పనితనం ఉందిగా" అంది.

"నేను తలుపులు చేసేవాణ్ణి, తంబురాలు కాదు. బుద్ధిగా దుకాణానికి పో" అన్నాడు ఆయన, తలెత్తకుండానే.

అప్పుడు అక్కడే భోంచేస్తున్నాడు తమ్ముడు. పక్కవీధిలో రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. పెళ్లీ పెటాకులూ లేకుండా మేడమీది గదిలో ఉంటాడు, వదిన చేతి కూడు తింటాడు. ముద్ద మింగి, "చేద్దాం రా తల్లీ, అదెంత పని!" అన్నాడు.

అంతే, ఆ రోజునుంచీ మేడమీద జాతర. పాత సామాన్ల కొట్లో ఎవరో పారేసిన బల్ల పైచెక్క దొరికింది, అది గిటారు ఒళ్లయింది. తుక్కుకొట్లో విరిగిన గిటారు ఒకటి దొరికితే దాని మెడ మాత్రం పనికొచ్చింది. తీగల కదలికని పసిగట్టి స్పీకరుకి పంపే రాగి చుట్ట కొనాలంటే ఖరీదు, అందుకని ఇల్లాలు తన కుట్టుమిషను మీదే చుట్టి పెట్టింది. వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ, వేల చుట్లు. ఆవిడ మిషను తిప్పుతుంటే మరిది పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టాడు, కూతురు తీగ వదిలింది. ముగ్గురూ కలిసి ఊపిరి బిగబట్టుకుని ఆ పని చేస్తుంటే వడ్రంగి గుమ్మంలో నిలబడి, "నా చొక్కా గుండీ ఊడి వారం అయింది, అది కుట్టే తీరిక లేదు గానీ..." అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. లెక్క తప్పిపోతుందని భయం వాళ్లకి.

ఆయనకి మాత్రం తనని ఇంట్లోంచి వెలివేసినట్టే అనిపించింది.

ఆ శనివారం పొద్దున అమ్మాయి మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది. మర్నాడే పరీక్ష.

"అమ్మా, ఇంక కడ్డీ ఒక్కటే మిగిలింది! ఇవాళ మధ్యాహ్నం చిన్నాన్న బిగించేస్తాడు."

కడ్డీ అంటే గిటారు ఒంటి మీద తీగలన్నీ ఆనుకునే ఇత్తడి ముక్క. దుకాణాల్లో దొరికే రకానికి ఒక్కో తీగకి ఒక్కో మర ఉంటుంది, కావలసినంత ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. వీళ్లది ఒకటే ఇత్తడి కడ్డీ, రెండు మరలు. ఎక్కడ బిగిస్తే అక్కడే.

"కడ్డీ బిగించడానికి కూడా రేడియోవాడే కావాలా?" అన్నాడు వడ్రంగి, గోడతో చెప్పినట్టు.

"మిమ్మల్ని అడిగితే ఏమన్నారో గుర్తుందా?" అంది ఇల్లాలు.

"నేనేమన్నాను? పని ఉందన్నాను."

అమ్మాయి తండ్రి దగ్గరగా వచ్చింది. "పోనీ నువ్వోసారి చూసిపెడతావా నాన్నా?"

చూస్తానమ్మా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నెల రోజులుగా మేపిన ఉక్రోషం ఊరుకుంటుందా? "నాకు కిటికీ చట్రాలున్నాయి. మీ ఇంజినీరుగారు ఉన్నారుగా" అన్నాడు.

"సర్లే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది పిల్ల. ఇంకోసారి బతిమాలుతుందనుకున్నాడు ఆయన. బతిమాలలేదు. ఆ 'సర్లే' రోజంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి తమ్ముడు పని ముగించుకుని కిందికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అయిపోయింది అన్నయ్యా! మెడ మీద వేళ్లతో తీగ నొక్కే గడులన్నీ చూశాను, కింది గడినుంచి పై గడిదాకా ప్రతి స్వరం నిలబడింది. వదినా, అమ్మాయి వచ్చాక చెప్పు, శ్రుతి చేసుకోవడమే, ఇంకేం కదపొద్దని. నేను అర్జెంటుగా పోవాలి, పక్క ఊళ్లో ఒక హాల్లో మైకుసెట్టు పాడైందట. రేపు మధ్యాహ్నానికి గానీ రాను" అని సంచీ తగిలించుకుని వెళ్లాడు. ఇల్లాలు కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి బజారు వెళ్లింది.

ఇల్లు ఖాళీ. వడ్రంగి మేడ మెట్లెక్కాడు.

గిటారు బల్ల మీద పడుకుని ఉంది. చూడగానే ఆయన కళ్లు అంచుల మీదికి పోయాయి. అక్కడక్కడ ఉలి జారిన గుర్తులున్నాయి. పరవాలేదు, ఆడపిల్ల మొదటిసారి పట్టిన ఉలి. తర్వాత ఆయన చూపు కడ్డీ మీద పడింది. ఒక కన్ను మూశాడు. రెండోది మూసి చూశాడు. జేబులోంచి మూలమట్టం తీసి ఆనించాడు.

వంకర! సన్నతీగ వైపు సరిగ్గానే ఉంది, లావుతీగ వైపు దాదాపు అర సెంటీమీటరు వెనక్కి పోయింది!

అయ్యో పాపం అనుకోవాలి కదా ఎవరైనా? ఆయన ఒళ్లు పులకరించింది. నెల రోజులుగా ఎదురుచూసింది ఇదే. 'ప్రతి స్వరం నిలబడిందట! గీత తిన్నగా గీయడం రానివాడు స్వరాలు నిలబెట్టాడట!' అనుకున్నాడు. అందరినీ పిలిచి చూపించాలనిపించింది. చూపిస్తే ఏమవుతుంది? ముగ్గురూ కలిసి నవ్వుకుంటారు, మళ్లీ ముగ్గురూ కలిసి సరిచేసుకుంటారు, తను మళ్లీ గుమ్మంలోనే. అదే తను చడీచప్పుడూ లేకుండా సరిచేసి ఊరుకుంటే? రేపు అమ్మాయి గెలిచి వస్తుంది. అప్పుడు నెమ్మదిగా, 'మీ చిన్నాన్న వంకర బిగించి పోతే నేనే సరిచేశానే పిచ్చిపిల్లా' అంటాడు.

కిందికెళ్లి బెజ్జాలు వేసే బర్మా తెచ్చాడు. తీగలు వదులు చేశాడు. లావుతీగ వైపు మర ఊడదీసి, ఆ బెజ్జంలోకి అదే చెక్క రంగు కలిసే ముక్క చెక్కి, జిగురు పెట్టి దిగ్గొట్టాడు. పైన చిత్రిక పట్టి, గరుకు కాగితం రుద్ది, మైనం పూశాడు. ముక్క నార కూడా చెక్క నారతో కలిసిపోయింది, కళ్లు పెట్టి వెతికినా కనపడదు. కొత్త బెజ్జం వేసి, మూలమట్టం ఆనించి, కడ్డీని వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాడు. తీగలు మళ్లీ లాగాడు. నెల రోజుల్లో మొదటిసారి ఆయన చేతులు హాయిగా ఉన్నాయి.

ఆ రాత్రి పొద్దుపోయాక అమ్మాయి దుకాణంనుంచి వచ్చి గిటారు ఒళ్లోకి తీసుకుంది. శ్రుతి చేసి, కింది గడుల్లో మెల్లగా నాలుగు పాటలు వాయించింది. చుట్టుపక్కలవాళ్లు పడుకునే వేళ అని గట్టిగా వాయించలేదు, పై గడుల జోలికి పోలేదు. "అబ్బ, ఎంత బాగుందో! చిన్నాన్న బంగారం!" అంది.

వడ్రంగి మనసులోనే, 'రేపు చూద్దువుగాని బంగారం ఎవరో' అనుకున్నాడు.

మర్నాడు పన్నెండు దాటాక పిల్ల తిరిగి వచ్చింది. గిటారు సంచీ సోఫాలో పడేసి, నేలమీద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది.

"ఏమైందే?" అంటూ మిషను ఆపి పరిగెత్తుకొచ్చింది తల్లి.

"కింద గడుల్లో బాగానే పలికిందమ్మా. పైకి వెళ్లేసరికి లావుతీగలన్నీ శ్రుతి తప్పి ఏడ్చాయి. నేనెంత సరిగ్గా నొక్కినా అపస్వరమే. వెనకాల డ్రమ్ములవాడు నవ్వాడు. బృందం పెద్దాయన చెయ్యెత్తి ఆపేశాడు."

"పొమ్మన్నాడా?"

"'నీ చెయ్యి మంచిదేనమ్మా, నీ గిటారే అబద్ధం చెబుతోంది' అన్నాడు. బుధవారం పొద్దున దాకా గడువిచ్చాడు. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో అబ్బాయిని తీసుకుంటాడు."

వసారాలో వడ్రంగి చేతిలో ఉలి ఆగిపోయింది. తను చేసిన పనికీ ఈ ఏడుపుకీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు. తిన్నగా పెట్టింది తప్పెలా అవుతుంది? ఇంకేదో తప్పు చేసి ఉంటాడు వాడు. అలా అనుకుని కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

అప్పుడే తమ్ముడు గేటు తీసుకుని లోపలికి వస్తూ, "ఏం తల్లీ, మిఠాయిలేవీ?" అన్నాడు.

అమ్మాయి లేచి నిలబడింది. "మిఠాయిలా? అందరిముందూ నా పరువు తీశావు చిన్నాన్నా! పై గడిదాకా నిలబడిందన్నావుగా! ఏం నిలబడింది? ఒక్క స్వరం నిజం పలకలేదు!"

"అదేంటి, నేను అన్నీ చూసి మరీ..." అంటూ ఆయన సంచీలోంచి గిటారు తీశాడు. కడ్డీ చూశాడు. మొహంలో రంగు మారింది. బొటనవేలు చెక్కమీద పెట్టి, లావుతీగ పక్కగా మెల్లగా రాశాడు. ఒకచోట వేలు ఆగింది. తలెత్తి వసారావైపు చూశాడు. అన్న కళ్లూ తమ్ముడి కళ్లూ ఒక్క క్షణం కలిశాయి.

"నాదే తప్పు తల్లీ. తొందర్లో కొలత తప్పాను" అన్నాడు తమ్ముడు.

"తొందరా? నా జీవితం నీకు తొందర పనా? మిక్సీలు బాగుచేసుకునే మనిషికి ఇది అప్పజెప్పాను చూడు, నన్ను అనుకోవాలి!"

"అమ్మాయ్! మాటలు మీరకు" అని కసిరింది తల్లి.

"అననీ వదినా" అని గిటారు నెమ్మదిగా బల్లమీద పెట్టి, పైకి కూడా వెళ్లకుండా వచ్చినదారినే వెళ్లిపోయాడు ఆయన.

అమ్మాయి కళ్లు తుడుచుకుని వసారాలోకి వచ్చింది. "నాన్నా, ఇంక నువ్వే దిక్కు. నువ్వే చేసిపెట్టు" అంది.

ఆ క్షణంలో ఆయనకి కలిగిన సంతోషం సంగతి దాచడమెందుకు? కూతురు ఏడుస్తోంది, తమ్ముడు తలవంచుకుని పోయాడు, ఆయన గుండె మాత్రం పూరీలా పొంగింది. పెదవి చివర నవ్వు కూడా వచ్చింది.

సోమవారమంతా తండ్రీ కూతుళ్లు గిటారు ముందు కూర్చున్నారు. పిల్ల సెలవు పెట్టింది. ఆయన మర అడిగితే మర, ఉలి అడిగితే ఉలి అందించింది. మధ్యలో ఆయన భుజానికి తల ఆనించి, "నువ్వుంటే నాకు భయం లేదు నాన్నా" అంది. ఇన్నాళ్లూ ఆయన కోరుకున్నది అదే. తీరా దొరికాక అది గొంతు దిగలేదు. ఎందుకంటే గిటారు మాట వినడంలేదు. మెడ మరలు విప్పి మళ్లీ బిగించాడు. తీగలు మార్చాడు. కడ్డీ కింద రేకు పెట్టి చూశాడు. ప్రతిసారీ మూలమట్టం ఆనించి, "చూడు, ఎంత తిన్నగా ఉందో" అనేవాడు. ప్రతిసారీ పిల్ల పైగడి నొక్కేది, లావుతీగ వెక్కిరించేది.

మంగళవారం పొద్దుటికి అమ్మాయి మాట్లాడడం మానేసింది. మేడమీద నవ్వు లేదు, కంచం ముందు తమ్ముడు లేడు. రెండు రోజులుగా కొట్లోనే తిని కొట్లోనే పడుకుంటున్నాడట. ఆయన పీట ఖాళీగా కనపడ్డప్పుడల్లా వడ్రంగి మొహం పక్కకి తిప్పుకునేవాడు.

పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు ఇల్లాలు కుట్టుమిషను ఆపింది.

"ఎవరినో ఒకర్ని అడక్కూడదూ, కడ్డీ సంగతి?" అంది.

"కడ్డీకేం? కడ్డీ బాగానే ఉంది. కడ్డీ నేను ముట్టుకోలేదు!"

"నేను ముట్టుకున్నారన్నానా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారట."

ఆయన జేబులోని మూలమట్టం తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"శనివారం బజారు నుంచి వచ్చి మేడమీద గది ఊడ్చింది నేనే. బల్ల కింద తాజా బర్మా పొట్టు ఉంది. మైనం వాసన ఉంది. మీ తమ్ముడికి మైనం డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలీదు. ఆదివారం మీరే నోరు విప్పుతారని చూశాను. నిన్న చూశాను. ఇవాళా చూస్తున్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు."

"వాడు వంకరగా బిగించాడే! నేను తిన్నగా పెట్టాను! తిన్నగా పెట్టడం నేరమా?"

ఆవిడ ఒళ్లో ఉన్న చొక్కా ఎత్తి చూపించింది. "ఇది చూడండి. ముందు చంక ఒకలా, వెనక చంక ఒకలా కోస్తాను. రెండూ ఒక్కలా కోస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, తొడుక్కున్నవాడు చెయ్యి పైకెత్తలేడు. వాడెందుకలా పెట్టాడో వాణ్ణి అడిగారా? అడగలేదు. మీకు వంకర దొరికింది, అదే చాలు."

వడ్రంగి లేచాడు. చొక్కా తగిలించుకుని, గుండీలు కూడా పెట్టుకోకుండా బయటికి నడిచాడు.

కొట్లో తమ్ముడు ఒక ఫ్యాను విప్పదీసుకుని కూర్చున్నాడు. అన్నని చూసి స్టూలు జరిపాడు. వడ్రంగి కూర్చుని ఒక ఫ్యాను రెక్క చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ కడ్డీ అలా ఎందుకు బిగించావురా?" అని అడిగాడు.

"తీగ నొక్కితే సాగుతుంది అన్నయ్యా. సాగితే స్వరం కాస్త పైకి పోతుంది. లావుతీగకి అది ఎక్కువ, సన్నతీగకి తక్కువ. అందుకని లావుదానికి కాస్త ఎక్కువ పొడుగివ్వాలి. ఆరు తీగలకీ ఒకే కొలత పనికిరాదు. ఒక్కోటీ నొక్కి చూసుకుంటూ, కడ్డీని జరుపుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చుంటే ఆ చోటు దొరికింది."

"నాకు చెప్పొచ్చుగా!"

"ఎప్పుడు చెప్పను? నెలరోజులుగా నా మొహం చూసి మాట్లాడావా?"

వడ్రంగి తల దించుకున్నాడు. "ఆదివారం నీకు తెలిసిపోయిందిగా, నేనేనని."

"వేలు పెట్టగానే తెలిసింది. ఇంత నున్నగా బెజ్జం పూడ్చే చెయ్యి ఇంకెవరిది? ఆ కోపంలో కూడా, అబ్బ ఏం పూడ్చాడ్రా మా అన్న, అనుకున్నాను."

"మరి దానితో ఎందుకు చెప్పలేదు? అన్ని మాటలు ఎందుకు పడ్డావు?"

తమ్ముడు చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "నన్ను కోప్పడితే అది నీ దగ్గరికి వస్తుంది. నిన్ను కోప్పడితే ఎక్కడికి పోతుంది? నేనెంతైనా మేడమీదివాణ్ణి." ఫ్యాను మర ఒకటి ఏరి డబ్బాలో వేశాడు. "నీకు ఇరవై రెండేళ్లుగా కూతురుంది అన్నయ్యా. నాకు నెల రోజులు దొరికింది. ఆ నెల కూడా ఓర్చుకోలేకపోయావా?"

ఆ మాట తిన్నగా వెళ్లి తగలాల్సిన చోట తగిలింది. వడ్రంగి స్టూలు మీద ముందుకి వంగిపోయాడు. "కుళ్లుకున్నాన్రా. నిన్ను చూసి కుళ్లి కుళ్లి చచ్చాను. అది ఏడుస్తూ నా దగ్గరికొస్తే సంతోషించాన్రా నేను. నేనేం తండ్రిని!"

"కుళ్లు నీ ఒక్కడి సొత్తా?" అన్నాడు తమ్ముడు, కళ్లు తుడుచుకుంటూ. "అది పుట్టిన రోజునుంచీ నేనూ నిన్ను చూసి కుళ్లుకుంటూనే ఉన్నాను. కాకపోతే నేను బర్మా పట్టుకోలేదు."

ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది. అప్పుడే ఎవరో పాత రేడియో పట్టుకుని వచ్చి, ఈ ఇద్దరి మొహాలూ చూసి, "తర్వాత వస్తాలెండి" అని వెళ్లిపోయాడు.

తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రాలేదు ఆయన. ముందు తను చెప్పుకోవాల్సింది ఉంది. ఇంటికొచ్చి, కూతురు ఎదురుగా నిలబడి, నీళ్లు నమలకుండా చెప్పేశాడు. మేడ ఎక్కింది, బెజ్జం పూడ్చింది, అంతా.

అమ్మాయి గిటారు పక్కన పెట్టింది. "నేను చిన్నాన్నని అన్నేసి మాటలంటుంటే విన్నావు కదా నువ్వు?"

"విన్నాను."

"నవ్వావు కూడా. నేను చూశాను. నన్ను ఓదార్చడానికి నవ్వావనుకున్నాను."

"దానికి కాదమ్మా. వాణ్ణి తిట్టావని నవ్వాను."

పిల్ల ముఖం ఎర్రబడింది. "నేను ముందు అడిగింది నిన్ను! రెండుసార్లు అడిగాను! నువ్వు కాదంటేనేగా చిన్నాన్న దగ్గరికెళ్లాను! మీ ఇద్దరి పంతాల మధ్య నా బతుకు నలిగిపోయేది నాన్నా, తెలుస్తోందా?" అని వెక్కుతూ చెప్పులేసుకుని కొట్టువైపు పరిగెత్తింది.

ఆయన గుమ్మంలో కూర్చుండిపోయాడు. వెళ్లి తమ్ముడి మెడ పట్టుకుని ఏడుస్తుంది కాబోలు అనుకున్నాడు. ఆ తలపుకి కూడా లోపల ఎక్కడో చురుక్కుమంది. 'సిగ్గు లేదురా నీకు' అని తనని తనే తిట్టుకున్నాడు. ఇల్లాలు వచ్చి పక్కన కూర్చుంది. ఊడిన గుండీ సూదిలో దారంతో ఆయన ఒంటి మీదే కుట్టేసి, ఏమీ అనకుండా దారం కొరికింది.

గంట తర్వాత చిన్నాన్నా కూతుళ్లు గేటు తీశారు. ఇద్దరి కళ్లూ ఉబ్బి ఉన్నాయి. అమ్మాయి తండ్రి ముందు ఆగింది. కోపం ఇంకా దిగలేదు గానీ, "పైకి రా నాన్నా. నువ్వు పూడ్చిన చోటే మళ్లీ బెజ్జం వెయ్యాలి. చిన్నాన్న వేస్తే చెక్క చీలిపోతుందట, చేతకాదట" అంది.

"నాకు చేతకాదని నేనే ఒప్పుకున్నాను, నువ్వు ఊరంతా చాటు" అన్నాడు తమ్ముడు.

పొద్దు వాలేలోపు పని అయిపోయింది. పిల్ల తీగ నొక్కి పలికించడం, తమ్ముడు స్వరం సరిపోయిందో లేదో చూపే మీటరు ముల్లు చూసి "ఇంకాస్త వెనక్కి, ఇంకాస్త, ఆఁ చాలు" అనడం, వడ్రంగి మూలమట్టం జేబులోనే ఉంచుకుని, పళ్లు బిగబట్టుకుని ఆ కడ్డీని వంకరగా జరపడం. చేతులు ఒప్పుకోవడం లేదు పాపం. ఎన్నడూ చెయ్యని పని. అయినా జరిపాడు. బిగించాడు. పిల్ల పైగడిలో లావుతీగ మీటింది. నిజం పలికింది.

బుధవారం పొద్దున అన్నదమ్ములిద్దరూ ఆ హాలు బయట చెట్టు లేని ఎండలో నిలబడ్డారు. లోపల్నుంచి డ్రమ్ములు వినిపించాయి. తర్వాత గిటారు వినిపించింది. కింది గడులనుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి, ఇంకా పైకి పోయింది. తమ్ముడు కళ్లు మూసుకుని వింటున్నాడు. ఈసారి ఎవరూ చెయ్యెత్తి ఆపలేదు. పాట చివరిదాకా సాగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు.

తలుపు తెరుచుకుంది. అమ్మాయి మొహం చూస్తేనే తెలిసిపోయింది, చోటు దొరికింది. పరిగెత్తుకొస్తోంది.

ఎవరి దగ్గరికి వస్తుంది ముందు? ఆ ప్రశ్న ఆయన లోపల ఈసారి కూడా లేవకపోలేదు. కుళ్లు ఒక్క రాత్రిలో పోయే జబ్బా? కానీ వడ్రంగి ఊపిరి పీల్చుకుని, తమ్ముడు ముందుండేలా ఒక అడుగు వెనక్కి వేశాడు. సరిగ్గా ఆ క్షణానే తమ్ముడూ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇద్దరి వీపులూ వెనకనున్న ప్రహరీగోడకి ఆనుకున్నాయి.

అమ్మాయి పరిగెత్తుకొచ్చి, చేతులు చాచుకునే ఆగిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది.

"ఏంటిది? నేను గెలిచి వస్తే ఇద్దరూ పారిపోతున్నారేంటి?" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఏడ్చింది మేస్త్రే. అంత మనిషీ అందరూ చూస్తుండగా చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తుంటే, కూతురు ఒక చేత్తో ఆయన చొక్కా, రెండో చేత్తో చిన్నాన్న చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.